నేను నడవని రెండు మైళ్ళు

యాత్ర అంటే కాశీకో రామేశ్వరానికో వెళ్ళడమనుకునే మా వీధివాళ్ళు, నేను వేసవి సెలవుల్లో తిరువూరు వెళ్ళొచ్చానంటే నవ్వారు. "అక్కడేం చూశారు?" అని అడిగారు. రెండు మైళ్ళ రేగడి నేల చూశాను. పదకొండు బావుల్లోకి తొంగి చూశాను. నిజానికి అవి పన్నెండేళ్ళ కిందటే చూడవలసినవి. చూడకుండానే చూసినట్టు రాశాను కాబట్టి, ఇప్పుడు నా ఖర్చుతో నేనే వెళ్ళవలసి వచ్చింది. వెళ్ళినందుకు మాత్రం ఏమీ నష్టపోలేదు.

ఎందుకు వెళ్ళాను

నేను విశాఖపట్నంలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరర్ని. ఇప్పటిదాకా పదకొండు పరిశోధన వ్యాసాలు అచ్చయ్యాయి. మా లోకంలో ఎన్ని రాశావన్నది సగం మర్యాదే. నువ్వు రాసినదాన్ని పదిమందీ తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు ప్రస్తావించారన్నది మిగతా సగం. ఎవరు ఎవర్ని ప్రస్తావించారో పేరుపేరునా అచ్చువేసిన లావుపాటి సంపుటాలు విదేశాల నుంచి మా లైబ్రరీకి వస్తాయి. అవి వచ్చిన రోజున పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూడా ఏదో నిఘంటువు కోసం వచ్చినట్టు అటు వస్తారు. తమ పేరున్న పేజీ దగ్గర కాసేపు ఆగి, దగ్గి, వెళ్ళిపోతారు. నేనూ అంతే.

నా పదకొండింటిలో పదింటి జోలికి ఎవరూ రాలేదు. ఒక్కదాన్ని మాత్రం పంతొమ్మిదిమంది ప్రస్తావించారు. అది తిరువూరు తాలూకాలోని ఒక నల్లరాతి గోడ గురించి. ఎప్పుడో భూమి పగిలిన చోట కరిగిన రాయి పైకి ఎగదన్ని, ఆ సందులోనే గడ్డకట్టింది. పైకి అక్కడక్కడా దిబ్బలా కనిపిస్తుంది, మిగతాదంతా మట్టి కింద గోడలా సాగుతుంది. కొండల వైపు నుంచి భూమిలో దిగివచ్చే నీళ్ళు ఆ గోడకు తగిలి ఆగుతాయి కాబట్టి, గోడకు ఎగువన ఉన్న బావుల్లో నీళ్ళుంటాయని నా సిద్ధాంతం. వినగడప దగ్గర ఒక దిబ్బ, నెమలి అనే ఊరి వైపు ఒక దిబ్బ నేను కళ్ళారా చూశాను, సుత్తితో కొట్టి చూశాను. వాటి మధ్య రెండు మైళ్ళు మాత్రం చూడలేదు. ఆ వారం ముసురు పట్టింది. రేగడిలో దిగితే అడుగుకు రెండు శేర్ల మట్టి చెప్పుకు అంటుకుంది. విసిగి వెనక్కి వచ్చి, పటంలో ఈ దిబ్బకీ ఆ దిబ్బకీ మధ్య నిండు గీత గీసేశాను.

చూసినదాన్ని నిండు గీతగా, ఊహించినదాన్ని తెగిన గీతగా గీయాలి. మా శాస్త్రంలో ఓనమాలలాంటి పాఠం అది. ఏటా పిల్లలకు నేనే చెబుతాను.

ఆ గీతను పంతొమ్మిదిమందీ నమ్మారు. ఇద్దరు దాన్ని తమ వ్యాసాల్లో మళ్ళీ గీశారు. ఒకాయన ఇంకొంచెం నల్లగా, లావుగా గీశాడు. ఈ ఫిబ్రవరిలో జర్మనీ నుంచి నాకు ఒక ఉత్తరం వచ్చింది. రాసినాయన ఎంతో మర్యాదగా, 'మధ్య రెండు మైళ్ళలో మీరు తీసిన కొలతలు దయచేసి పంపగలరా?' అని అడిగాడు. మూడు వారాలు జవాబు రాయలేదు. మేలో నాకు లెక్చరరుకు పైమెట్టయిన రీడరు పోస్టు ఇంటర్వ్యూ ఉంది, దరఖాస్తులో మొదట పెట్టుకున్నది ఈ వ్యాసమే.

ఉత్తరం సంగతి చివరకు మా ఆవిడకు చెప్పాను. ఆవిడ కూర తిరగమోత పెడుతూనే అంది: "చూడకుండా రాసినందుకే కదా ఈ గుబులు. ఇప్పుడు చూసొచ్చెయ్యండి. రాళ్ళు ఎక్కడికీ పోవు కదా."

బస్సులో బెల్లం

బెజవాడలో పొద్దున్నే రైలు దిగి, స్నానం చేసి, తిరువూరు బస్సెక్కాను. కొండపల్లి దాటాక బస్సు ఒక గోతిలో పడి లేచింది. పైన పెట్టిన నా సంచీ జారి, పక్కసీటాయన ఒళ్ళో ఉన్న గంప మీద పడింది. సంచీలో రెండు పౌన్ల సుత్తి ఉంది. గంపలో బెల్లం అచ్చులు.

లేచి క్షమాపణలు చెప్పబోయాను. ఆయన గంప మీద గుడ్డ తీసి చూసి, ముక్కలైన బెల్లంలో ఒకటి నా చేతిలో పెట్టాడు. "తినండి. కొట్టుకెళ్ళాక నేనెలాగూ పగలగొట్టాల్సిందేగా. మీరు శ్రమ తగ్గించారు" అన్నాడు.

ఆయన పేరు శేషయ్య గారు. తిరువూరులో పచారీ కొట్టు. సుత్తి ఎందుకన్నాడు. రాళ్ళ మీద వ్యాసాలు రాస్తానన్నాను.

"చదువుతారాండీ ఎవరన్నా?"

"పదకొండు రాశాను. ఒక్కటే చదివారు."

శేషయ్య గారు నన్ను జాలిగా చూడలేదు. తన వ్యాపారంలోంచి నాకు ఓదార్పు తీసి ఇచ్చాడు. "మా కొట్లో పదకొండు రకాల పప్పులున్నాయండీ. పోయేది కందిపప్పు ఒక్కటే. అలాగని మిగతావి పెట్టుకోకపోతే దాన్ని కొట్టు అనరుగా?"

ప్రస్తావన అంటే ఏమిటో కూడా చెప్పించుకున్నాడు. విన్నాక ఆశ్చర్యపోయాడు. "అంటే ఫలానా కొట్లో సరుకు బాగుంటుందని పక్క కొట్టువాడు రాతపూర్వకంగా చెప్పడమా? మా బజార్లో అయితే ప్రాణం పోయినా చెప్పరండీ!"

మైలవరం దాటాక రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు. కాయలు కోతకు రాలేదు గాని కొమ్మలు వంగి ఉన్నాయి. చేలల్లో మిరపకాయలు ఎండబోశారు. బస్సు కిటికీలోంచి ఆ ఘాటు లోపలికి వచ్చి అందర్నీ వరసగా తుమ్మించింది. ఆ తుమ్ములతోనే బస్సంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టింది.

తిరువూరు

శేషయ్య గారు నన్ను హోటలుకు వెళ్ళనివ్వలేదు. కొట్టు పైన గది ఒకటి ఖాళీగా ఉంది, మూడు రోజులు వాడుకోమన్నాడు. గదిలో సగం చింతపండు బుట్టలు. ఉన్నన్నాళ్ళూ పొద్దున లేస్తూనే నాకు నోరూరేది.

మెస్సులో భోజనం రెండు రూపాయలు. మా వైపు కూరలో ఆవపిండో నువ్వుపిండో పెడతాం, పులుసులో బెల్లం వేస్తాం. ఇక్కడ మొదటి ముద్దకే కందిపొడి, దాని మీద నెయ్యి, వెంటనే ఒక పచ్చడి. నేను పులుసులో బెల్లం ఉందేమో అని ఆశగా చూశాను. వడ్డించే ఆయన, "ఏంటండీ వెతుకుతున్నారు?" అన్నాడు. సంగతి చెప్పాను. "పులుసులో బెల్లమా!" అని పక్క విస్తరి ఆయనకు చెప్పాడు, ఆయన ఇంకొకరికి చెప్పాడు. చేతులు కడుక్కునే వేళకు మెస్సులో నన్ను ఎరగనివారు లేరు. అంత త్వరగా అంతమంది నన్ను ప్రస్తావించడం నా జీవితంలో అదే మొదటిసారి.

మా వైపు కొత్తవాణ్ణి 'బాబూ' అని పిలుస్తారు. ఇక్కడ అందరూ 'మేష్టారూ' అన్నారు. నేను చెప్పకుండానే ఎలా కనిపెట్టారో తెలియదు.

గంపలగూడెం దారి

మర్నాడు పొద్దున గంపలగూడెం బస్సెక్కాను. అక్కడ దిగి సైకిలు అద్దెకు తీసుకున్నాను. వినగడప దగ్గర నా పాత దిబ్బ అలాగే ఉంది. దాని మీద మేకలు నిలబడి ఉన్నాయి. పన్నెండేళ్ళ కిందట నా సుత్తి చేసిన గాయం కూడా గుర్తుపట్టాను. రాతిలో గాయాలు త్వరగా మానవు.

దిబ్బ మీద నుంచి దిక్సూచి పట్టుకుని, పటంలో గీత వెళ్ళిన దారిన సైకిలు తోసుకుంటూ బయలుదేరాను. పావుమైలు వెళ్ళేసరికి రెండు చక్రాల్లోనూ తుమ్మముళ్ళు దిగాయి. గాలి పోయిన సైకిలును నడిపించుకుంటూ, పగుళ్ళిచ్చిన రేగడిలో, ఎండలో వెళుతున్నాను. నల్లరాయి జాడ ఎక్కడా లేదు. కనబడకపోవడం వింత కాదు, మట్టి కింద ఉండవచ్చు. కాని మనసు ఒప్పుకోవడం లేదు.

ఒక చేను మధ్యలో పెద్ద బావి కనబడింది. రాతి వరసలు చక్కగా కట్టారు. వంగి చూశాను. అడుగున ఎండుటాకులు, ఒక విరిగిన తట్ట. చుక్క నీరు లేదు.

"దప్పికైతే ఇంటికి రండి. దాంట్లో తాగడానికి ఏం దొరకదు."

వెనక్కి తిరిగాను. యాభై ఏళ్ళ రైతు, తలకు తువ్వాలు, చేతిలో కొడవలి. సైకిలు వైపు చూసి నవ్వాపుకుంటున్నాడు. ఆయన పేరు వెంకట్రామయ్య. చేను ఆయనది, బావీ ఆయనదే.

"ఇంత లోతు తవ్వారు, నీళ్ళు పడలేదా?" అన్నాను.

"ఆరు నిలువులు తవ్వాం. మనిషి మీద మనిషిని ఆరుగుర్ని నిలబెట్టినంత లోతు. పడలా."

"ఇక్కడే ఎందుకు తవ్వారు?"

"మ్యాపులో ఉందండీ. అందుకే ఊళ్ళో దీన్ని మ్యాపు బావి అంటారు" అన్నాడు.

మ్యాపు బావి

వెంకట్రామయ్య గారి ఇల్లు అక్కడికి నాలుగడుగులే. ఆయన భార్య అనసూయమ్మ గారు నాకు ముందు మజ్జిగ ఇచ్చి, తర్వాత అడగకుండానే విస్తరి వేశారు. మామిడికాయ పప్పు, వడియాలు, గుమ్మడికాయ కూర. నేను తింటుంటే వెంకట్రామయ్య గారు బావి కథ చెప్పారు.

మూడేళ్ళ కిందట ఎవరో ఆఫీసరు జీపులో వచ్చాడట. ఆయన దగ్గర అచ్చువేసిన పటం ఉందట. అందులో ఈ చేల మీదుగా ఒక నల్లగీత. 'భూమిలో రాతి గోడ ఉంది, దానికి పైన తవ్వితే నీళ్ళు ఖాయం, పెద్ద పెద్ద దేశాలవాళ్ళు ఒప్పుకున్న మాట' అన్నాడట.

"పెద్ద దేశాలవాళ్ళే ఒప్పుకున్నాక మనదేముందని తవ్వాం" అన్నారు వెంకట్రామయ్య గారు. ఆయనకు ఆ మాట చెప్పడం అలవాటైపోయింది, నవ్వుతూనే చెప్పారు.

అనసూయమ్మ గారు నవ్వలేదు. "రెండు పాడిగేదెల్ని అమ్మాం ఆ గోతికి. ఆ ఏడు మిరపతోట నిలువునా ఎండిపోయింది. కుండలతో మోసి పోశాను, ఎన్ని మొక్కలకి పోస్తాం?"

మా లైబ్రరీలోని సంపుటంలో నా పేరు కింద పంతొమ్మిది వరసలున్నాయి. ఇరవయ్యోది ఇదుగో, ఆరు నిలువుల లోతున నా ఎదురుగా ఉంది. ఈ ఇంట్లో నేనెవరో చెప్పకుండా లేచి వెళ్ళిపోవడం ఎంత సులువో కూడా ఆ క్షణంలో తోచింది. మజ్జిగన్నం కలుపుకుని, మంచి ఎండగా ఉందని చెప్పి, సైకిలు తోసుకుని వెళ్ళిపోవచ్చు.

"ఆ గీత గీసింది నేనేనండీ" అన్నాను.

అనసూయమ్మ గారి చేతిలో గరిటె ఆగిపోయింది. వెంకట్రామయ్య గారు నన్ను కింద నుంచి పైదాకా చూశారు. ముసురు సంగతి, రేగడి సంగతి, నడవకుండా గీసిన సంగతి అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక విస్తరి ముందు నుంచి లేవబోయాను.

"కూర్చోండి" అన్నారు ఆయన. గొంతు పెరిగింది. "పస్తున్నవాణ్ణి తిట్టకూడదంటారు. ముందు తినండి. తర్వాత తిడతాను."

మాట తప్పలేదు. నేను చేయి కడుక్కుని వచ్చాక అరుగు మీద కూర్చోబెట్టి పది నిమిషాలు తిట్టారు. ఒక్క బూతు లేదు, ఒక్క మాట అబద్ధం లేదు. "రెండు మైళ్ళు, మేష్టారూ! మా ఆడవాళ్ళు వరినాట్లకి పొద్దుటే నడిచే దూరం!" అన్నది అన్నింటికంటే లోతుగా దిగింది. ఇంతవరకు నా వ్యాసాన్ని ఎవరూ అంత శ్రద్ధగా విమర్శించలేదు.

తిట్లయ్యాక అనసూయమ్మ గారు తమలపాకులు తెచ్చి పెట్టి, నెమ్మదిగా అన్నారు: "మొత్తం ఆయన తప్పేనంటే ఎలా? తవ్వే ముందు కోటయ్య చెప్పాడుగా, ఇక్కడ రాయి లేదని. మనమే మనిషి మాట కాదని కాగితం మాట విన్నాం."

"కోటయ్య ఎవరండీ?" అన్నాను.

"ఈ చుట్టుపక్కల బావులన్నీ తవ్వింది అతనే. రేపు పొద్దున పిలిపిస్తా. మీ గోడ ఎక్కడుందో అతన్నే అడగండి" అన్నారు వెంకట్రామయ్య గారు. సాయంత్రం నా సైకిలుకు పంక్చర్లు కూడా ఆయనే వేయించారు.

కోటయ్య

కోటయ్యకు అరవై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, ఇనుప చేతులు. ఎడమచేతికి మూడు వేళ్ళే ఉన్నాయి. మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి బావి గట్టు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

"మ్యాపు సారు మీరేనా?" అన్నాడు. "నేను వద్దన్నానండీ. అయినా తవ్వమన్నారు, తవ్వాను. ఆరు నిలువులు తవ్వినా నా పలుగుకి దెబ్బ తగల్లేదంటే రాయి లేనట్టేగా."

నా పటం విప్పి నేల మీద పరిచాను. అతను దానికేసి చూడలేదు. చేల వైపు చూశాడు. "మీ రాయి వినగడప దిబ్బ నుంచి అదుగో ఆ రేగుచెట్టు దాకా వస్తుంది. అక్కడితో సరి. మళ్ళీ లేదు. నెమలి వైపు నుంచి వచ్చేది వేరే. అది పక్కకి జరిగి, ఆ తాటిచెట్ల కిందకి వస్తుంది. రెండూ కలవ్వు."

"మీకెలా తెలుసు?"

"ఎక్కడ నా పలుగు వంగిందో నాకు తెలీదా ఏంటండీ?"

ఒకే గోడ కాదు, రెండు గోడలు. వాటి మధ్య దాదాపు మైలు ఖాళీ. నీళ్ళు అడ్డు లేకుండా అందులోంచి జారిపోతున్నాయి. వెంకట్రామయ్య గారి బావి సరిగ్గా ఆ ఖాళీకి ఎదురుగా ఉంది. కోటయ్య చెప్పినదే నిజమైతే నా వ్యాసం తప్పు. కాని నా వ్యాసం కంటే ఇది ఎంతో బాగుంది.

వినడంతో సరిపోదు కదా. ఒకసారి చూడకుండా రాశాను, మరోసారి అలా రాయలేను. ఆ రోజంతా ఇద్దరం బావి నుంచి బావికి నడిచాం. బావి తవ్వినప్పుడు తీసిన రాళ్ళు గట్టు పక్కనే కుప్పగా పడి ఉంటాయి. నేను సుత్తితో కొట్టి, భూతద్దంతో చూసి, రాసుకునేవాణ్ణి. అతను ఆ బావి ఏ ఏడు తవ్వాడో, రాయి ఎన్నో నిలువులో తగిలిందో, అప్పుడు ఆ ఇంట్లో ఎవరి పెళ్ళో చెప్పేవాడు. వేసవి కాబట్టి నీళ్ళు అడుగుకు దిగి, బావుల గోడల్లో రాయి ఎక్కడ మొదలైందో బాగా కనిపించింది. ముసురులో ఆ రెండు మైళ్ళు నడిచినా ఇంత చూడగలిగేవాణ్ణి కాదని ఒక చిన్న సమర్థన మనసులో లేచింది. దాన్ని అక్కడే అణిచేశాను.

మధ్యాహ్నం తాళ్ళ కింద ఆగాం. ముంజలు కొట్టి అమ్ముతున్నారు. అర్ధరూపాయికి డజను. మా విశాఖలో ఆ అర్ధరూపాయికి ఆరు కూడా రావు. నేను ముంజ వేలితో పొడిచి చొక్కా నిండా నీళ్ళు చిమ్ముకున్నాను. కోటయ్య తన మూడు వేళ్ళతో ఒక్క చుక్క కింద పడకుండా లాగించాడు. "ఊట ఎక్కడుందో చూసి పొడవాలి సారూ. బావి అయినా, ముంజ అయినా" అన్నాడు.

నెమలి

రెండో గోడ వెంట నడుస్తూ మర్నాడు పొద్దున నెమలి చేరాం. కోవెలలో వేణుగోపాలస్వామికి దణ్ణం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని మండపంలో కూర్చున్నాం. పులిహోర. మా సింహాచలం పులిహోరకు ఏదీ సాటిరాదని నాకు ఒక పట్టుదల ఉంది. ఆ రోజు ఆ సంగతి ఎత్తకుండా రెండోసారి చేయి చాచాను.

అక్కడే కోటయ్యకు చెప్పాను: "నేను చేసిన తప్పు దిద్దుతూ చిన్న వ్యాసం రాస్తాను. అందులో మీ పేరు కూడా వేస్తాను. సాయం చేశారని అడుగున కాదు. రాసినవాళ్ళుగా, ఇద్దరి పేర్లూ పైన."

"నాకు సంతకం తప్ప రాయడం రాదుగా."

"చూసింది మీరు. రాసేది నేను."

"పేరుంటే ఏమవుద్దండీ?"

"మంచిదైతే దేశదేశాల్లో మీ పేరు చెప్పుకుంటారు."

"తప్పైతే?"

"మిమ్మల్నీ తిడతారు. వెంకట్రామయ్య గారు నన్ను తిట్టినట్టు."

కోటయ్య మోకాళ్ళ మీద చేతులేసి లేచి నిలబడ్డాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"అయితే పదండి. ఇంకోసారి చూసొద్దాం."

"ఇప్పుడా? పదింటికి బస్సు, నాకు సాయంత్రం బెజవాడలో రైలు."

"రాళ్ళు మీ దగ్గరికి రావుగానీ, బస్సు రేపూ వస్తుంది."

బస్సు తప్పింది. రైలు టికెట్టు వృథా అయింది. ఎర్రటి ఎండలో పదకొండు బావులూ మళ్ళీ చూశాం. తొమ్మిదో బావి గట్టు మీద కోటయ్య ఆగిపోయాడు. నల్లరాళ్ళ కుప్ప పక్కన చతికిలబడి ఒక్కో రాయీ తిప్పి చూశాడు. ముఖం చిన్నబోయింది.

"సారూ, ఈ రాళ్ళు ఈ బావిలోవి కావు" అన్నాడు. "వరసలు కట్టడానికి వినగడప నుంచి బండ్ల మీద తోలించారు. నేనే దింపించాను. మర్చిపోయాను."

బావిలోకి దిగి గోడ చూశాను. నిజమే, అక్కడ నల్లరాయి లేదు. మేము అనుకున్నదానికంటే ఖాళీ ఇంకో ఫర్లాంగు పెరిగింది. ఉద్యోగం పోయినవాడిలా నిలబడ్డ కోటయ్య భుజం మీద చెయ్యి వేశాను. పరిశోధన అంటే ఇదేనని చెప్పాను. అతను నమ్మలేదు. "ముందే చూసుకోవాల్సింది" అని ఊరు చేరేదాకా సణుగుతూనే ఉన్నాడు. నేను పన్నెండేళ్ళలో సణగనంత అతను రెండు మైళ్ళలో సణిగాడు.

వెళ్ళేముందు వెంకట్రామయ్య గారిని తీసుకెళ్ళి రేగుచెట్టుకు ఎగువన, ఆయన రెండో చెక్క పొలం మూలలో ఒక చోటు చూపించాం. మొదటి గోడ అంటూ నిజంగా ఉన్నది అక్కడ. ఆయన నావైపు చూడలేదు. "కోటయ్యా, నువ్వేమంటావు?" అన్నారు.

"ఇక్కడ నేను కూలి లేకుండా తవ్వుతా" అన్నాడు కోటయ్య.

తిరిగి వచ్చాక

వచ్చిన వారంలోనే దిద్దుబాటు రాసి పత్రికకు పంపాను. కొత్త పటంలో చూసినదంతా నిండు గీత, చూడనిది తెగిన గీత. మధ్యలో మాత్రం ఖాళీ. జర్మనీ ఆయనకు ఉన్నదున్నట్టు రాశాను. ఇంటర్వ్యూ అయ్యేదాకా ఆగమని మిత్రులు చెప్పారు. మా ఆవిడ ఆగమనలేదు. ఇంటర్వ్యూకు పంపిన కాగితాల్లో దిద్దుబాటు కూడా జతచేశాను.

కమిటీలో ఒక పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మీ పేరు పక్కన ఈ కోటయ్య గారెవరు? ఏ యూనివర్సిటీ?"

"తిరువూరు తాలూకా సార్. నలభై ఏళ్ళ ఫీల్డు అనుభవం."

"ఇదివరకు వారి పరిశోధనలు ఏమున్నాయి?"

"నలభై రెండు బావులు సార్. నలభై ఒక్కదాంట్లో నీళ్ళున్నాయి. లేనిది ఒక్కటే, అది నా మాట మీద తవ్వింది."

ఒకరిద్దరు నవ్వారు. పెద్దాయన నవ్వలేదుగాని ఆ కాగితం దొంతరలో అడుగున పెట్టకుండా పక్కన పెట్టుకున్నారు. పోస్టు ఈసారికి మరొకరికి వెళ్ళింది. రెండు రోజులు బాధపడ్డాను. మూడో రోజున అనసూయమ్మ గారి చేతిరాతతో కార్డు వచ్చింది.

'మేష్టారు గారికి నమస్కారములు. మీరు చూపించిన మూలచెక్కలో మూడో నిలువున నల్లరాయి తగిలింది. దాని పైన ఊట పడి నిలువున్నర నీళ్ళు నిలిచాయి. ఎండల్లో కూడా తగ్గలేదు. ఈ ఏడు మిరప వేస్తున్నాం. రాయి మీద కొట్టి కొట్టి కోటయ్య పలుగు విరిగింది. రాయి మేష్టారిది కాబట్టి పలుగు కూడా మేష్టారే పంపాలంటున్నాడు. మంచిది పంపగలరు.'

నిన్న మధ్యాహ్నం విశాఖ పాత బజారులో నాలుగు దుకాణాలు తిరిగి, అన్నిటికంటే బరువైన పలుగు కొని, గోనెపట్టా చుట్టించి రైలు పార్సిల్లో వేశాను.